ప్రతి జూన్‌లో కొత్త సారు

జూన్ 12న బడి తెరిచిన రోజు మా కల్హేర్ వైపు తండాల్లో పిల్లలు మొదట అడిగే మాట ఒకటే. "ఈయేడు మాకు ఏ సారు?" చాలామందికి అది సంబరంగా అడిగే ప్రశ్న. కొత్త సారు కొత్త ఆటలు ఆడిస్తాడేమో, కొత్త టీచరమ్మ కథలు చెబుతుందేమో అని ఆశ. ఆ గుంపులోనే ఒకరో ఇద్దరో ఏమీ అడగకుండా వెనక నిలబడతారు. పోయిన ఏడాది సారుకు తమ సంగతి తెలుసు. ఇప్పుడు కొత్త మనిషి ముందు మళ్లీ మొదటి నుంచి చదవరానివాళ్లుగా నిలబడాలి.

ఈ వెనక నిలబడే పిల్లల గురించే ఇక్కడ మాట్లాడదలచుకున్నాం. వాళ్లకు చూపు బాగుంటుంది, చెవులు బాగుంటాయి, తెలివికి కొదవ ఉండదు. మేకల మందలో ఒకటి తప్పిపోతే లెక్కపెట్టకుండానే చెప్పేస్తారు. పలక మీద ప, వ, ష పక్కపక్కన రాస్తే మాత్రం ఏది ఏదో తేల్చుకోలేరు. మ, య ఒకటే అంటారు. గుణింతం నోటితో గడగడా అప్పజెబుతారు, అదే అక్షరం పదంలో కనబడితే గుర్తుపట్టరు. కొందరికి చదవడం వస్తుంది, రాయడం రాదు. కొందరికి రెండూ వస్తాయి, పదుల స్థానం ఒకట్ల స్థానం దగ్గర మాత్రం ఆగిపోతారు. దీన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటున్నారు. డిస్లెక్సియా, డిస్గ్రాఫియా, డిస్కాలిక్యులియా అనే పేర్లు శిక్షణల్లో మనమంతా విన్నవే. 1995 నాటి వికలాంగుల చట్టంలో చెప్పిన ఏడు వైకల్యాల్లో ఇది లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచినప్పుడు ఇది చేరింది. అంతకుముందు మన బళ్లలో దీనికి ఉన్న పేరు 'మొద్దు'. ఇప్పుడూ చాలా చోట్ల అదే పేరు.

ఈ పిల్లలను ఏడాదికొకరి చేతికి మార్చవచ్చా? లేక రెండేళ్లో మూడేళ్లో, వీలైతే ప్రాథమిక బడి దాటేదాకా, ఒకే ఉపాధ్యాయుడి దగ్గర ఉంచాలా? చూడటానికి ఇది తరగతులు పంచుకునేటప్పుడు హెడ్మాస్టరు ఐదు నిమిషాల్లో తేల్చేసే విషయంలా ఉంటుంది. మాకు మాత్రం ఇది న్యాయాన్యాయాల ప్రశ్నగానే కనబడుతుంది.

ఒక పిల్లవాడికి చదువు రావడం లేదని తెలుసుకోవడానికి ఒక పూట చాలు. ఎలా చెబితే వస్తుందో తెలుసుకోవడానికి ఏడాది పడుతుంది. వీడు పై వరుసను అట్టముక్కతో మూస్తే కింది వరుస చదవగలడు. ఈ పిల్ల బోర్డు మీది నుంచి ఎక్కించుకోలేదు, పక్కపిల్ల నోటుబుక్కు చూసి అయితే ఎక్కించుకుంటుంది. ఇంకొకడిని అందరి ముందు లేపితే నోరు విప్పడు, మధ్యాహ్న భోజనం తర్వాత పళ్లెం కడుక్కుంటుండగా అడిగితే పాఠమంతా చెబుతాడు. మరొక పిల్ల కాగితం మీద ఒత్తులన్నీ వదిలేస్తుంది, ఇసుకలో వేలితో రాయిస్తే వదలదు. ఇవన్నీ చిన్న చిన్న సంగతులే. కానీ ఆ పిల్లల చదువు మొత్తం ఈ చిన్న సంగతుల మీదే ఆధారపడి ఉంటుంది. వీటిని రాసుకోవడానికి హాజరు పట్టీలో గడి లేదు. మార్కుల రికార్డులో 'సి' అని ఒక అక్షరం ఉంటుంది, అంతే. ఏప్రిల్ 23న బడి మూతపడేటప్పటికి ఈ తెలిసినదంతా ఒక మనిషి తలలో ఉంటుంది. జూన్‌లో ఆ మనిషి వేరే తరగతికి పోతాడు.

ఈ తెలిసినది ఎవరిది? ఉపాధ్యాయుడి అనుభవం కాబట్టి ఉపాధ్యాయుడిదే అనుకుంటాం. కొంచెం ఆలోచిస్తే అలా అనిపించదు. అది ఊరికే తెలియలేదు. ఆ పిల్లవాడు ఒక మనిషి ముందు వందసార్లు తప్పు చదివాడు. క్లాసంతా నవ్వుతుంటే తల వంచుకున్నాడు. కడుపునొప్పి అని అబద్ధమాడాడు, పుస్తకం ఇంట్లో మరిచానన్నాడు, కొన్నాళ్లు బడే ఎగ్గొట్టాడు. చివరికి ఈ సారు కొట్టడు, నవ్వడు అని నమ్మకం కుదిరాక తన చేతకానితనాన్ని దాచుకోకుండా చూపించాడు. అట్టముక్క సంగతి ఆ తర్వాతనే తెలిసింది. అంటే దానికి ఖర్చు పెట్టినవాడు పిల్లవాడు, తన సిగ్గును ఖర్చు పెట్టాడు. ఏడాదికొక కొత్త ఉపాధ్యాయుణ్ణి ఇవ్వడమంటే ఏడాదికొకసారి ఆ ఖర్చు మళ్లీ పెట్టమనడం. ఐదో తరగతికి వచ్చేసరికి ఖర్చు పెట్టడానికి వాడి దగ్గర ఏమీ మిగలదు. అప్పుడు మనం 'వీడికి ఆసక్తి లేదు' అని రాస్తాం.

అందరికీ ఒకే నియమం ఉంటే అది సమానత్వమని మనకు అలవాటుగా అనిపిస్తుంది. రెండో తరగతి పిల్లలంతా మూడో తరగతి సారు దగ్గరికి పోవాలి, ఇందులో ఎవరికీ అన్యాయం లేదు కదా అంటారు. చదువు సులువుగా వచ్చే పిల్లకు ఆ మార్పు వల్ల పోయేది చాలా తక్కువ, కొత్త మనిషి దగ్గర కొత్తవి నేర్చుకుంటుంది. చదవలేని పిల్లకు అదే మార్పుతో రెండేళ్లు కూడబెట్టుకున్న నమ్మకమంతా పోతుంది. అందరి దగ్గరా ఒకే పన్ను వసూలు చేస్తే భూస్వామికీ కూలికీ పడే బరువు ఒకటి కాదని మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాను మన శిక్షణ తరగతుల్లో చాలామందికి చూపించారు. మంచి సినిమా. చూసిన ప్రతిసారీ మాకు ఒకే అనుమానం వస్తుంది. అందులో ఆ పిల్లవాడి బాధను కనిపెట్టిన డ్రాయింగు సారు తాత్కాలిక ఉపాధ్యాయుడు. సెలవులతో కథ ముగుస్తుంది. తర్వాతి సంవత్సరం ఆ పిల్లవాడు ఎవరి తరగతిలో కూర్చున్నాడు? మన ఉద్యోగం మొదలయ్యేది సినిమా ఆగిన చోటే.

మా తండాల్లో ఈ ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో ఇంటి భాష గోర్ బోలి. అమ్మను యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు, నీళ్లను పాణి అంటారు. ఆరేళ్ల పిల్ల బడికి వచ్చి 'అ అంటే అమ్మ' అని వింటుంది. ఆమెకు ఒకేసారి రెండు పనులు పడ్డాయి, కొత్త భాష నేర్చుకోవాలి, ఆ భాషకు గుర్తులూ నేర్చుకోవాలి. ఆమె చదవలేకపోతే కారణం భాషా, లేక చదవడంలోనే ఉన్న ఇబ్బందా? ఒకటో తరగతి చివర ఎవరూ చెప్పలేరు. రెండూ పైకి ఒకేలా కనబడతాయి. తేడా తెలిసేది కాలం గడిచాకే. ఇబ్బంది భాషదైతే, తెలుగు మాట్లాడటం వచ్చేకొద్దీ చదవడమూ వెంట వస్తుంది. రెండేళ్లు గడిచి, పిల్ల తెలుగులో గలగలా మాట్లాడుతూ, పొడుపు కథలు విప్పుతూ, అక్షరాల దగ్గర మాత్రం మొదటి రోజులాగే నిలబడిపోతే, అప్పుడు అది వేరే సంగతి. ఈ రెండు దారులను విడదీసి చూడాలంటే మొదట్లో ఆమె మాట ఎలా ఉండేదో, ఇప్పుడు ఎలా ఉందో రెండూ చూసిన మనిషి కావాలి. మూడో తరగతిలో కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడికి కనబడేది ఇప్పటి పిల్ల మాత్రమే. అతను లంబాడీ పిల్ల కాబట్టి తెలుగు రాదులే అని ఊరుకోవచ్చు, లేదా తెలుగు రాని పిల్లను మందబుద్ధి అనుకోవచ్చు. ఈ రెండు పొరపాట్లూ తండా బళ్లలో రోజూ జరిగేవే. ఒకదానివల్ల నిజంగా సాయం కావలసిన పిల్లకు సాయం అందదు. రెండోదానివల్ల ఏ లోపమూ లేని పిల్ల మీద ముద్ర పడుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య అని ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేశారు. గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా భాషలతోపాటు బంజారా కూడా అందులో ఉంది. ఆ పని ప్రతి తండాకూ చేరి, నిలిచి ఉంటే మా పిల్లల్లో ఎవరి ఇబ్బంది ఏమిటో ఒకటో తరగతిలోనే సగం తేలిపోయేది. ఇంటి భాషలోనూ అక్షరం పట్టుబడకపోతే సంగతి స్పష్టం కదా. పరీక్షల విషయమూ అంతే. డిస్లెక్సియాను గుర్తించడానికి మన దేశ భాషల్లో తయారైన 'డాలి' పరీక్ష 2015లో మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లకు ఏ భాషలో పరీక్ష పెట్టినా సగమే తెలుస్తుంది. ధ్రువపత్రం సంగతి చూడండి. 2018 మార్గదర్శకాల ప్రకారం ఈ వైకల్యానికి మొదటి ధ్రువపత్రం ఎనిమిదేళ్లకు, మళ్లీ పద్నాలుగుకు, పద్దెనిమిదికి. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. అంతదాకా ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక్క ఆధారం ఉపాధ్యాయుడి కన్ను. ఆ కన్నును మనం ఏటా మారుస్తున్నాం.

వలస సంగతి కూడా చెప్పుకోవాలి. నల్లవాగు ప్రాజెక్టు నీళ్లు పారే పొలాల కథ వేరు, మిట్ట మీది తండాల కథ వేరు. దసరా అయ్యాక ముకద్దం దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇళ్లు చెరుకు కొట్టడానికి కర్ణాటకకో మహారాష్ట్రకో బండి కడతాయి. ముసలివాళ్ల దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉండిపోయే పిల్లలు కొందరు. తల్లిదండ్రుల వెంట పోయేవాళ్లు కొందరు. చదువు రాని పిల్లలే ఎక్కువగా వెంట పోతారు, ఇది లెక్కలు తీసి చెబుతున్న మాట కాదు, ఏటా కళ్లతో చూస్తున్నది. "మా పోరనికి చదువు ఎక్కుతలేదు సారూ, ఈడుంటే ఏం జేస్తడు, ఆడ ఎడ్లకు నీళ్లన్న పెడతడు" అంటాడు తండ్రి. హోలీకో ఉగాదికో ఆ పిల్లవాడు తిరిగి వస్తాడు. వాడు ఎక్కడ ఆగిపోయాడో తెలిసిన మనిషి అప్పుడు బడిలో ఉంటే, అక్కడి నుంచే మొదలుపెడతాడు. అయితే వచ్చేది మార్చిలో. ఏప్రిల్‌లో సెలవులు. జూన్‌లో కొత్త సారు. వలసపోయే పిల్లకు ఉపాధ్యాయుడు మారడమంటే ఏడాది నడుమ తెగిపోయిన దారాన్ని ముడివేసేవాడు కూడా లేకపోవడం.

దూరపు సంగతి ఒకటి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ పట్టణంలో 1919లో రుడాల్ఫ్ స్టైనర్ ఒక సిగరెట్ల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం వాల్డార్ఫ్ బడి పెట్టాడు. అక్కడ ఒకటో తరగతిలో చేరిన పిల్లలను ఎనిమిదో తరగతి దాకా ఒకే తరగతి ఉపాధ్యాయుడు వెంట తీసుకుపోతాడు. ఆ పద్ధతి బళ్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి, హైదరాబాదులోనూ ఉన్నాయి. అక్కడ డబ్బు కట్టి కొనుక్కునే ఈ సౌకర్యం మా తండాల్లో పైసా ఖర్చు లేకుండా ఉందని ఎవరైనా గమనించారా? ఏకోపాధ్యాయ పాఠశాల! ఒకటి నుంచి ఐదు దాకా ఒకే సారు. కావాలని ఇచ్చింది కాదనుకోండి, గతిలేక ఇచ్చింది. ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటే, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, మండలం మీటింగు అన్నీ ఒకరి నెత్తినే ఉంటే, వెనక కూర్చున్న పిల్లవాడి అట్టముక్క గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? ఐదేళ్లు ఒకే చోట ఉన్నంత మాత్రాన ఐదేళ్లూ చూసినట్టు కాదు. ఏకలవ్యుడి కథలో మనవాళ్లు బొటనవేలి గురించే చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. దాంట్లో ఇంకో సంగతి ఉంది. రాజకుమారులకు మాట్లాడే గురువు దొరికాడు, అడవి బిడ్డకు మట్టిబొమ్మ దొరికింది. ఆ బొమ్మకు బదిలీ లేదు, ఎప్పుడు చూసినా అక్కడే ఉంది. అయితే బాణం పక్కకు పోతే ఎందుకు పోయిందో చెప్పలేదు. తండా బడికి మట్టిగురువు చాలని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట. దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఒకే ఉపాధ్యాయుడు మంచిదే, ఆ ఉపాధ్యాయుడు మంచివాడైతే. ఒకటో తరగతిలోనే 'వీడితో కాదు' అని తేల్చేసుకున్న మనిషి చేతిలో ఆ పిల్లవాడిని ఐదేళ్లు పెడితే? ఏటా ఉపాధ్యాయుడు మారే చోట కనీసం ఏడాదికొక ఆశ ఉంటుంది, ఈసారి వచ్చే మనిషైనా తనను మనిషిలా చూస్తాడని. తండా పిల్లల భాషను వెక్కిరించేవాళ్లు, పేరు సరిగా పలకనివాళ్లు, కులం పేరుతో పిలిచేవాళ్లు మన బళ్లలో లేరని చెప్పగలమా? అలాంటి చోట కొనసాగింపు అంటే శిక్ష పొడిగింపే. ఈ అభ్యంతరం మా దృష్టిలో అన్నిటికంటే బరువైంది.

రెండోది, పిల్ల ఆ ఒక్కరి మీదే ఆధారపడిపోతుందన్న భయం. అనీ సల్లివాన్ 1887 మార్చిలో హెలెన్ కెల్లర్ ఇంటికి వచ్చింది, 1936లో చనిపోయేదాకా ఆమెతోనే ఉంది. దాదాపు యాభై ఏళ్లు ఒకే గురువు, ఒకే శిష్యురాలు. చూపూ వినికిడీ లేని ఆరేళ్ల పిల్లను చదువుకున్న మనిషిగా, రచయిత్రిగా ప్రపంచం ముందు నిలబెట్టిన బంధం అది. కానీ ఆ బంధం మీదే ప్రజలకు అనుమానాలు వచ్చాయి. హెలెన్ పంపిన ఒక కథ మరొకరి కథను పోలి ఉందని 1892లో పెర్కిన్స్ సంస్థలో విచారణ పెట్టారు. అనీని గది బయటికి పంపి, పన్నెండేళ్లు కూడా నిండని పిల్లను పెద్దలు చుట్టూ కూర్చుని ప్రశ్నించారు. ఈ మాటలు నీవా, నీ టీచరువా అన్నదే వాళ్ల ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న. విచారణ పద్ధతి క్రూరమైంది, అందులో సందేహం లేదు. ఆ ప్రశ్న మాత్రం మన తరగతిలోనూ ఉంది. సారు పెదవులు కదిలిస్తే చదివే పిల్లలు ఉంటారు. సారు పక్కనుంటేనే లెక్క చేసేవాళ్లు ఉంటారు. ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలో తెలిసిన ఉపాధ్యాయులు చాలామందే. ఎప్పుడు వదలాలో తెలిసినవాళ్లు తక్కువ. ఎక్కువ ఏళ్లు పట్టుకున్నకొద్దీ వదలడం కష్టమవుతుంది.

మూడోది మన సొంత గోడు, ఉపాధ్యాయుల హక్కు. మారుమూల తండాకు రెండు బస్సులు, ఒక ఆటో మారి వచ్చే టీచరమ్మకు ఇంట్లో పిల్లలున్నారు, మంచం పట్టిన అత్త ఉంది. పిల్లవాడి కోసం నువ్వు ఇక్కడే ఉండిపో అని ఆమెకు ఎవరు చెప్పగలరు? మన బదిలీ నిబంధనల్లో ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన ఉపాధ్యాయులు, ఐదేళ్లు నిండిన హెడ్మాస్టర్లు తప్పనిసరిగా కదలాలి. కష్టమైన చోట్లు ఎప్పుడూ కొందరి నెత్తినే పడకూడదన్న న్యాయం దాంట్లో ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీఓతో ఎంతోమంది సొంత జిల్లాలే వదిలి పోవలసి వచ్చింది. ఆ చర్చలో ఉపాధ్యాయుల కుటుంబాల బాధ గురించి చాలా విన్నాం, వినవలసిందే. తరగతిలో మిగిలిపోయిన పిల్లల గురించి మాత్రం పెద్దగా వినలేదు. 2020 జాతీయ విద్యావిధానం అతిగా బదిలీలు చేయడం హానికరమని, పిల్లలకు కొనసాగింపు ఉండాలని రాసింది. రాసింది బాగుంది. దూరపు బళ్లకు ఇళ్లూ రోడ్లూ ఇవ్వకుండా బదిలీలు మాత్రం ఆపితే ఆ భారమంతా మళ్లీ ఆ టీచరమ్మ మీదే పడుతుంది.

ఇవన్నీ తూచి చూశాక కూడా మేము కొనసాగింపు వైపే నిలబడతాం. కాకపోతే దాన్ని ఒక మనిషి త్యాగంగా చూడకూడదన్నది మా మాట. పిల్లవాడికి బాకీ ఉన్నది బడి. ఆ బాకీని బడి ఎలా తీర్చాలన్నదే ఆలోచించాలి. దానికి పెద్ద పెద్ద ఉత్తర్వులు ఏవీ అక్కర్లేని పని ఒకటి ఉంది. ఇద్దరు ఉపాధ్యాయులున్న బళ్లలో మామూలుగా ఒకరు 1, 2 తరగతులు, ఇంకొకరు 3, 4, 5 తీసుకుంటారు. అంటే తెగేది సరిగ్గా మూడో తరగతి మొదట్లో, పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చి, భాష సంగతి వేరు చదువు సంగతి వేరు అని తేలే సమయంలో. ఇంతకంటే తప్పు చోట తెంచడం కుదరదు. ఒకటో తరగతి తీసుకున్నవాళ్లే మూడు దాకా వెంట పోయి, తర్వాత మళ్లీ ఒకటికి రావచ్చు. చిన్నపిల్లలకు చెప్పడం నాకు రాదు, పెద్ద తరగతులకు చెప్పడం నాకు అలవాటు లేదు అని ఇద్దరూ అంటారు. అలవాటు చేసుకోవడం మనకు కష్టమా, ఏటా కొత్త మనిషికి అలవాటు పడటం ఆ పిల్లకు కష్టమా? ఏకోపాధ్యాయ బళ్లలో మాత్రం దీనికి మందు లేదు, రెండో ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాల్సిందే.

మొదటి అభ్యంతరానికి జవాబు రెండో జత కళ్లు. ఒకే ఉపాధ్యాయుడు ఉండొచ్చు, ఒకే సాక్షి ఉండకూడదు. వారానికి ఒక గంట ఇద్దరు ఉపాధ్యాయులూ తరగతులు మార్చుకుంటే చాలు. ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడుతుంది. మండలంలో భవిత కేంద్రం ఉంది, ఐఈఆర్పీలు ఉన్నారు. వాళ్లు ఒక మండలంలోని బళ్లన్నీ తిరగాలి, పైగా ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే. పిల్లల పక్కన నిలకడగా ఉండమని వాళ్లను అడుగుతున్నాం, వాళ్ల ఉద్యోగానికే నిలకడ లేదు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. 2024 డీఎస్సీ నోటిఫికేషన్‌లోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు చూపించారు. మొదలైతే అయింది. ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చాడు కదా, ఇక మనకు సంబంధం లేదు అని తరగతి ఉపాధ్యాయులు చేతులు దులుపుకుంటే మాత్రం ఉన్నదీ పోతుంది. 2016 చట్టం పదహారో సెక్షన్ ఈ వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించమని విద్యాసంస్థకే చెప్పింది.

ఇంకో మాట, పిల్లను అడగాలి. ఈ చర్చ అంతటిలో మనం మరిచిపోయేది ఇదే. ఈ సారు దగ్గరే ఉంటావా, ఇంకో టీచరు దగ్గరికి పోతావా అని ఏడేళ్ల పిల్లను అడిగితే జవాబు చెబుతుంది, నోటితో చెప్పకపోతే ముఖంతో చెబుతుంది. వద్దంటే ఎందుకు వద్దని నిలదీయకుండా మార్చాలి. ఉపాధ్యాయుడికి అది చిన్నతనం కాదు. ఉపాధ్యాయుడికి బదిలీ కౌన్సెలింగులో ఐచ్ఛికాలు పెట్టుకునే హక్కు ఉంది కదా, పిల్లకు ఒక్క ఐచ్ఛికమైనా ఉండనివ్వండి.

బదిలీ తప్పనప్పుడు ఏం చేయాలి? రాసి పెట్టిపోవాలి అంటారు. రాయాలి. ఏ పిల్లకు ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఏ మాటకు ముడుచుకుపోతుంది, ఇవి ఒక పేజీలో రాయొచ్చు. కానీ కాగితం సమాచారాన్ని చేరవేస్తుంది, నమ్మకాన్ని చేరవేయదు. పోయే ఉపాధ్యాయుడు, వచ్చే ఉపాధ్యాయుడు, పిల్ల, ముగ్గురూ ఒక వారం ఒకే గదిలో కూర్చోవాలి. పాత సారు ముందు చదివినట్టే ఇద్దరి ముందూ పిల్ల తప్పులతో చదవాలి, కొత్త సారు నవ్వకపోవడం ఆమె చూడాలి. తన సంగతి ఈయనకు తెలుసు, మళ్లీ మొదటి నుంచి దాచుకోనక్కర్లేదు అని ఆమెకు తెలియడమే ఆ వారంలో జరగాల్సిన పని. రిలీవింగ్ ఆర్డరు చేతికి వచ్చిన రోజే ఖాళీ చేసి పోవాల్సిన మన పద్ధతిలో ఆ వారానికి చోటు లేదు. సంఘాలు అడగవలసిన కోరికల్లో డీఏ పక్కన దీన్నీ చేర్చవచ్చు.

మా తాతల కాలంలో ఈ వైకల్యం ఉండేదా? ఉండే ఉంటుంది, ఎవరికీ కనబడి ఉండదు. అక్షరం లేని చోట అక్షరం రాకపోవడం లోపం ఎలా అవుతుంది? పెళ్లిలో రాత్రంతా పాడే ముసలమ్మకు ఒక్క అక్షరం రాదు, ఒక్క చరణం తప్పదు. ఆ కాలమే బాగుందని కొందరు యువకులు అంటున్నారు. మేము అలా అనలేం. అడ్వాన్సు ఎంత తీసుకున్నావో, ఎన్ని టన్నులు కొట్టావో, ఇంకా ఎంత బాకీయో ముకద్దం చిట్టీలో ఉంటుంది. ఆ చిట్టీ చదవలేనివాడు వచ్చే ఏడూ అదే చెరుకు తోటలో ఉంటాడు. చదువు రాని పిల్లకు పాట ఉంది కదా, చేతిపని ఉంది కదా అని పెద్ద మనసుతో చెప్పేవాళ్లు ముందు ఆ చిట్టీ సంగతి చూడాలి.

ఐదో తరగతి దగ్గర ఇంకో గోడ ఉంది. తండాలో కొంచెం చదివే పిల్లలంతా గురుకుల ప్రవేశ పరీక్ష రాస్తారు. సీటు వచ్చినవాళ్లు పెట్టె సర్దుకుని పోతారు. అక్క పోతుంది, పక్కింటి పిల్ల పోతుంది. చదవడమే కష్టమైన పిల్లకు ఆ ప్రశ్నపత్రమే మొదటి అడ్డు. ఆ పరీక్షలో వీళ్లకు అదనపు సమయం, ప్రశ్న చదివి వినిపించే మనిషి కావాలని అడగాలి. అందుకు ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి పిల్లను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి తిరిగే మనిషి కావాలి. చెరుకు తోటలో ఉన్న తండ్రి తిరగలేడు. ఇన్నేళ్లు చూసిన ఉపాధ్యాయుడు ఉంటే, ఈ పిల్లకు తెలివి ఉంది, అక్షరమే అడ్డు అని నాలుగేళ్ల ఆధారాలతో డాక్టరు ముందు చెప్పగలడు. ఏడాది కింద వచ్చిన ఉపాధ్యాయుడు ఏమని చెబుతాడు?

గురుకులం రాని పిల్లలు ఆరో తరగతికి ఉన్నత పాఠశాలకు పోతారు. తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, లెక్కలకు ఒకరు, గంటకొక ఉపాధ్యాయుడు. ఐదేళ్లు ఒకరి దగ్గర కుదురుకున్న పిల్ల ఒక్కరోజులో ఆరేడుగురి ముందు నిలబడాలి. అక్కడ తరగతి ఉపాధ్యాయుడి మాట చెల్లదు, సబ్జెక్టులు వేరు కాబట్టి. కానీ వాళ్లలో ఒకరు, అది వ్యాయామ ఉపాధ్యాయుడైనా సరే, ఆరు నుంచి పది దాకా ఈ పిల్ల సంగతి నాది అని పేరు రాసుకోవచ్చు. ఆమెతో వారానికొకసారి మాట్లాడటం, మిగతా ఉపాధ్యాయులకు అట్టముక్క సంగతి చెప్పడం, పదో తరగతి పరీక్షకు రాసిపెట్టే మనిషి కోసం వేళకు దరఖాస్తు పెట్టడం, ఇంతే ఆ పని. తండా బడి ఉపాధ్యాయుడు జూన్ మొదటి వారంలో ఆ పిల్లను వెంటబెట్టుకుని ఉన్నత పాఠశాలకు పోయి, అక్కడ ఆ ఒక్కరెవరో అడిగి, ముగ్గురూ ఒక చెట్టు కింద అరగంట కూర్చుని రావాలి.